బ్రాంచిలో రోజంతా పనే, సాయంత్రానికి అసలు పని అలాగే ఉంటోంది. ఏది ముందు చూడాలి?

మిరపచేను
నమస్తే అండి. ప్రభుత్వ రంగ బ్యాంకులో వ్యవసాయ అధికారిని. పల్నాడు వైపు ఒక మండల కేంద్రంలో బ్రాంచి. మేనేజర్ గారు, నేను, హెడ్ క్యాషియర్, ఒక క్లర్కు, ఒక సబ్‌స్టాఫ్. అంతే జనం. బంగారం విలువ కట్టే గోల్డ్ అప్రైజర్ మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చి మూడింటికి ఇంకో బ్రాంచికి వెళ్లిపోతారు.

నా టేబుల్ సంగతి చెప్తాను. ఒక పక్క కేసీసీ (కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం) రెన్యువల్ ఫైళ్లు. ఇంకో పక్క డ్వాక్రా సంఘాల లోన్ డాక్యుమెంట్లు (పది మంది సభ్యులూ సంతకాలకు వచ్చారంటే ఆ పూట అయిపోయినట్టే). కాంకరెంట్ ఆడిటర్ అడిగిన వాటికి జవాబులు రాయాలి. లోన్ ఇచ్చిన పొలాలు, గేదెలు చూసి రిపోర్టు పెట్టాలి. ఇవన్నీ నా ఉద్యోగమే, వాటి గురించి ఏడవను.

సమస్య మా పై ఆఫీసు వాట్సాప్ గ్రూపుతో. పదకొండింటికి "ఇన్సూరెన్స్ ఎన్ని?", ఒంటిగంటకు "గోల్డ్ లోన్ ఎంత?", మూడింటికి "అకౌంట్లు ఎన్ని తెరిచారు?" సున్నా పెడితే ఫోన్ వస్తుంది. ఆ సున్నాను ఒకటి చేయడానికి కౌంటర్ ముందు నిలబడ్డ వాళ్లని బతిమాలుతూ కూర్చుంటాను. ఆరున్నరకు చూస్తే పొద్దున ముట్టుకున్న ఫైలు అక్కడే ఉంటుంది.

ఇంకా వేగంగా పని చేయడం ఎలా అని నేను అడగట్లేదు. నా ముందున్న వాటిలో ఏది ముందు, ఏది తరువాత అని మీరైతే ఎలా తేల్చుకుంటారు?

కేపీహెచ్‌బీ_కుర్రాడు
మాది సాఫ్ట్‌వేర్ అక్కా. మా ఆఫీసులో ఐసెన్‌హోవర్ బాక్స్ అని వాడతాం. నాలుగు గళ్లు గీయండి. అర్జెంటూ ముఖ్యమూ అయినవి వెంటనే చేసేయాలి. ముఖ్యమే కానీ అర్జెంటు కానివాటికి క్యాలెండర్‌లో టైం వేసుకోవాలి. అర్జెంటే కానీ ముఖ్యం కానివి వేరేవాళ్లకి అప్పగించాలి. రెండూ కానివి వదిలేయాలి. పొద్దున రెండు గంటలు ఫోన్ సైలెంట్‌లో పెట్టి ముఖ్యమైన పని మీద కూర్చోండి, తేడా మీకే తెలుస్తుంది.

మానేరు
తమ్మీ, ఆమె బ్రాంచిల ఉన్నదే అయిదుగురు. ఎవలికి అప్పగిస్తది, అటెండర్‌కా? పొద్దుగాల పదింటికి షట్టర్ లేపంగనే నలభై మంది లోపటికొస్తరు. ఫోన్ సైలెంట్ల పెట్టచ్చు, మనుషులను పెట్టలేం గదా 😀

నేను కరీంనగర్ దిక్కు సింగిల్ విండోల (సహకార సంఘంల) చేస్తున్న. అక్కా, మాకూ గిదే లొల్లి. జవాబులు చదువుదామని కూసున్న.

పాతతాళాలు
అమ్మా, నేను బ్రాంచి మేనేజరుగా రిటైరయ్యాను. చివరి పోస్టింగు ప్రకాశం జిల్లాలో. ఆ నాలుగు గళ్లతో నాకు పేచీ లేదు కానీ బ్యాంకులో అది పనికిరాదు. బ్రాంచికి వచ్చే ప్రతిదీ అర్జెంటు అనే ముద్రతోనే వస్తుంది. ముఖ్యం ఏదో తేల్చేది మీరు కాదు, మీ పై ఆఫీసు. అలాంటప్పుడు ఆ గళ్లు నింపేదెవరు?

నేను ప్రతి కాగితాన్నీ ఒకటే అడిగేవాణ్ణి: నిన్ను ఈరోజు చూడకపోతే ఎవరి జేబుకు చిల్లు?

మీ కేసీసీ ఫైలునే తీసుకోండి. రైతుకు రెండు లక్షల పంట రుణం ఉంది. ఏడాది దాటకుండా కడితే 3 శాతం వడ్డీ రాయితీ, అంటే 7 కాస్తా 4 అవుతుంది. గడువు ఒక్కరోజు దాటితే ఆ 3 శాతం పోయినట్టే. రెండు లక్షల మీద ఆరు వేలు. అంతటితో అయిపోదు. పాత బాకీ కట్టడానికి రైతు దగ్గర డబ్బుండదు కదా. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి కడతాడు, రేపు తిరిగి లోన్ ఇస్తారన్న నమ్మకంతో. అది నెలకు నాలుగు వేలు, రోజుకు నూట ముప్పై పైచిలుకు. మీ టేబుల్ మీద ఆ ఫైలు వారం పడుకుంటే రైతుకు వెయ్యి దాకా ఎగిరిపోతుంది. దీని గురించి ఏ వాట్సాప్ గ్రూపూ అడగదు. రైతు కూడా గట్టిగా అడగడు, దండం పెట్టి బెంచీ మీద కూర్చుంటాడు. మనం వెనక్కి నెట్టేది అతన్నే.

రెండోది బ్యాంకు జేబు. కిస్తీల మీద నడిచే ట్రాక్టర్ లోన్లు, ఇళ్ల లోన్లు, దుకాణాల లోన్ల సంగతి. కిస్తీ ఆగి 30 రోజుల దాకా ఎస్‌ఎంఏ-0 (ఎస్‌ఎంఏ అంటే కన్నేసి ఉంచాల్సిన ఖాతా), 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2, ఆ పైన ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అందరూ ఎస్‌ఎంఏ-2 జాబితా పట్టుకుని నెలాఖరులో పరుగెత్తుతారు. నేను ఎస్‌ఎంఏ-1లో ఉండగానే ఫోన్ చేసేవాణ్ణి. అప్పటికి ఆగింది రెండు కిస్తీలు, ఎవరైనా సర్దుకోగలరు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇంకా బిగించింది. ఒకసారి ఎన్‌పీఏ అయితే ఒక కిస్తీ కట్టి బయటపడే దారి లేదు, పేరుకున్న బకాయి మొత్తం కడితేనే ఖాతా మామూలు స్థితికి వస్తుంది. వ్యవసాయానికి పంట కాలాల లెక్క వేరు, అది మీకు తెలిసిందే.

ఇక మీ పదకొండింటి మెసేజి. ఈరోజు సున్నా పెడితే చిల్లు ఎవరి జేబుకు? ఎవరి జేబుకూ కాదు. ఎవరికో కాస్త మొహం వాడుతుంది.

మిరపచేను
సార్, ఆ చేబదులు లెక్క నేనెప్పుడూ వేసి చూడలేదు. వెయ్యి అంటే రెండు మూడు రోజుల కూలి.

ఒక చిన్న సందేహం. మొహం వాడేది మా మేనేజర్ గారిది, సాయంత్రం రివ్యూ కాల్‌లో తిట్లు తినేదీ ఆయనే. నేను సున్నా పెట్టి కూర్చుంటే ఆయన నాతో ఎలా ఉంటారు?

క్యాష్‌కేబిన్
అందరూ ఏ పని ముందు అంటున్నారు, ఏ పని ఏ గంటలో అని ఎవరూ అడగట్లేదు. హెడ్ క్యాషియర్‌గా నా మాట.

బ్రాంచిలో కొన్ని గంటలు మన చేతిలో ఉండవు. మీకు పన్నెండున్నర నుంచి మూడు దాకా అప్రైజర్ టైం. ఒక్కో గోల్డ్ లోన్‌కు తూకం, గీటురాయి, సంచికి సీలు, సంతకాలు, ఆపైన స్ట్రాంగ్ రూమ్‌లో పెట్టడానికి తాళాలున్న ఇద్దరమూ లేవాలి. ముప్పావు గంట ఎటుపోయిందో తెలియదు. ఆ టైంలో మీరు కేసీసీ ఫైలు తెరిచారంటే రెండూ చెడతాయి. రెన్యువళ్లు పది నుంచి పన్నెండు మధ్య, అప్రైజర్ రాకముందే అయిపోవాలి.

చెక్కుల సంగతి కూడా మారింది కదా. 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ రోజంతా నడుస్తోంది. పగలంతా చెక్కులు వస్తూనే ఉంటాయి. మన బ్యాంకు రాత్రి 7 లోగా అవునో కాదో చెప్పకపోతే అది చెల్లినట్టే లెక్క. సంతకం తేడా అనో పెద్ద మొత్తం అనో ప్రాసెసింగ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తే చేతిలో ఏమున్నా పక్కన పెట్టాల్సిందే. పెద్దాయన చెప్పిన జేబు లెక్కే, కాకపోతే దీనికి గడియారం కట్టి ఉంది.

ఇలాంటిదే ఇంకోటి. "సార్, నా ఖాతాలో డబ్బులు పోయాయి" అని ఎవరైనా వస్తే టోకెన్, లైను ఏమీ చూడొద్దు. ముందు కార్డు, యూపీఐ బ్లాక్ చేయండి, అక్కడే నిలబెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. కస్టమర్ ఓటీపీ చెప్పేసినా సరే, ఫిర్యాదు మన దగ్గర నమోదయ్యాక జరిగే నష్టం బ్యాంకుదే అని 2017 జూలైలో వచ్చిన సర్క్యులర్‌లో ఉంది. మొన్నామధ్య మా కౌంటర్‌లో ఒక పెద్దావిడ వణుకుతూ నిలబడితే ముందున్నవాళ్లు "లైన్లో రండమ్మా" అంటున్నారు. నేనే కేబిన్ తలుపు తీసి లోపలికి పిలిచాను.

ఆర్‌వో_మూడో_అంతస్తు
ఇక్కడ రీజినల్ ఆఫీసు నుంచి మాట్లాడేది నేనొక్కదాన్నే అనుకుంటా, రాళ్లు వేయకండి.

పెద్దాయన మాటల్లో చాలావాటికి ఒప్పుకుంటాను. చివరి మాటకు మాత్రం కాదు. రోజుకో సున్నా చొప్పున నెలంతా సున్నాలు పెడితే బ్రాంచి వ్యాపారం పడిపోతుంది. గోల్డ్ లోన్ల వడ్డీయే చాలా గ్రామీణ బ్రాంచిల్ని నిలబెడుతోంది. బ్రాంచి నష్టాల్లోకి వెళితే ఉన్న ఐదుగురిలో ఒకరిని తీసేసి ఇంకోచోట వేస్తారు. అది జేబుకు చిల్లు కాదా?

ఇక గంటగంటకూ అడగడం గురించి. నిజం చెప్పాలంటే ఆ నంబర్లలో సగం మాకు సిస్టమ్‌లోనే కనిపిస్తాయి. అయినా అడుగుతాం. అడిగితే కదులుతారని పైవాళ్ల నమ్మకం, వాళ్లు మమ్మల్ని అడుగుతారు కాబట్టి మేం మిమ్మల్ని అడుగుతాం. ఇందులో తెలివి ఉందని నేను అనను.

మా దగ్గర పనిచేసే ఉపాయం ఒకటి చెప్తాను. మిరపచేను గారూ, పొద్దున పదిలోపే మీ మేనేజర్ గారితో గ్రూపులో ఒక్క లైను పెట్టించండి: "ఈరోజు గోల్డ్ లోన్లు మూడు ఆశిస్తున్నాం, ఇన్సూరెన్స్ లేదు, ఫలానా రెండు ఊళ్ల రెన్యువళ్లు చేస్తున్నాం, లెక్క నాలుగింటికి." ముందే చెప్పిన బ్రాంచికి నేను ఫోన్ చేయను. నాలుగు గంటలకు లెక్క రాకపోతేనే చేస్తాను. ఏమీ చెప్పని బ్రాంచిల మీదే నా పొద్దంతా పోతుంది. సున్నా పెట్టేది మీరు కాకుండా మేనేజర్ గారే పెట్టాలి, ముందే చెప్పి పెట్టాలి. మీ సందేహానికి నా జవాబు అదే.

పత్తిరైతు
బ్యాంకోళ్ల మాటల మధ్య దూరుతున్నా, ఏమనుకోకండి. నేను బెంచీ మీద కూర్చునే బాపతు.

ఇన్సూరెన్స్ ఎన్ని అని మీకు మెసేజి వస్తే దెబ్బ తగిలేది మాకు. పోయినేడు రెన్యువల్‌కి వెళితే "ఒక పాలసీ కట్టు, సంతకం పెడతా" అన్నాడు ఆ సారు. కట్టాను. ఏం చేస్తాం, విత్తనాల టైము. ఇక్కడ మేడమ్ నంబర్ల కోసం బతిమాలతాను అని రాశారు, మా సారు బతిమాలలేదు.

ఇంకో మాట. ఓటీపీ మా అబ్బాయి ఫోన్‌కి పోద్ది. వాడు బెంగళూరులో, షిఫ్టులో ఉంటే ఫోనెత్తడు. అందుకోసం నేను ఒక పూట ఆగి, తెల్లారి మళ్లీ వచ్చా. ఆ నంబరు మార్చుకోమని ముందే ఎవరన్నా చెప్పుంటే మీ టైమూ మిగిలేది, నాదీ మిగిలేది.

నిర్వాహకుడు
బ్యాంకు పేరు, ఊరి పేరు రాయనందుకు ధన్యవాదాలు పత్తిరైతు గారూ. మిగతావాళ్లు కూడా అలాగే ఉంచండి. కస్టమర్ల వివరాలతో స్క్రీన్‌షాట్లు పెడితే తీసేస్తాం.

పాతతాళాలు
పత్తిరైతు గారూ, లోన్‌కు పాలసీ ముడిపెట్టడం తప్పు. మళ్లీ అలా అడిగితే రాతపూర్వకంగా బ్రాంచికి ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయొచ్చు. ఖర్చేమీ లేదు.

ఆర్‌వో అమ్మాయ్, గోల్డ్ లోన్ మాట ఒప్పుకుంటున్నాను. అప్రైజర్ గంటలు దానికే ఇచ్చేశారుగా. ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం నా మాట నాదే. ఈరోజు అమ్మని పాలసీ వచ్చే నెల అమ్మినా పాలసీయే. గడువు దాటిన రెన్యువల్ అలా కాదు.

మానేరు
ఓటీపీ మాట మస్తు చెప్పిన్రు పత్తిరైతు అన్నా. మా దగ్గర సగం టైం గక్కడనే పోతది. రెన్యువల్‌కు వచ్చినోళ్ల నంబరు చెల్తుందా లేదా అని మొదాల చూస్తే, కాయిదాలు అన్నీ అయినంక ఆగుడు ఉండది. ఇయ్యాల్టి సంది మా సబ్‌స్టాఫ్ అన్నకు గదే చెప్పిన: బెంచీ మీద కూసున్నోళ్లందరిని ముందుగాల ఫోన్ నంబర్ అడుగు అని.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
సరే, నా గళ్లు వెనక్కి తీసుకుంటున్నా 🙏 కానీ ఒక్కటి. పెద్దాయన చెప్పే లెక్క అంతా తేదీల మీదే నడుస్తోంది. ఫలానా రైతు గడువు ఫలానా రోజు అని ముందే తెలుసు కదా? అలాంటప్పుడు ఫైలు టేబుల్ మీదకు వచ్చాక చూడడం ఎందుకు? గడువుకు నెల ముందే ఎక్సెల్ షీటులో ఆ వరస ఎర్రబడేలా పెట్టుకోవచ్చు. ఫార్ములా నేను రాసిస్తా.

క్యాష్‌కేబిన్
ఆఫీసు సిస్టమ్‌లోనే పెట్టుకో అమ్మా, సొంత ఫోన్‌లో కస్టమర్ల పేర్లు వద్దు. ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే ఆ ఫార్ములా రాసిచ్చిన తమ్ముడు వచ్చి జవాబు చెప్పడు.

పాతతాళాలు
కుర్రాడు ఈసారి సరైన చోట వేలు పెట్టాడు. ఇంకొంచెం కలుపుతాను. ఇలా గడువున్నవి, ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయనివి బ్రాంచిలో చాలా ఉంటాయి. లోన్ పూర్తిగా తీరాక ఆస్తి కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనమే కట్టాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పంటల బీమాలో ప్రీమియం తీసుకుని, రైతు పేరు పోర్టల్‌లో ఎక్కించడం మరిచిపోతే పంట పోయినప్పుడు ఆ పరిహారం బ్యాంకు నెత్తిన పడుతుంది. లోన్ ఉన్న రైతు బీమా వద్దనుకుంటే ఆఖరి తేదీకి 7 రోజుల ముందే రాసివ్వాలి. ఆ మాట అతనికి ఎవరు చెప్పాలి? మీరే. నవంబరులో కేంద్ర పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు, ఎనభై దాటినవారికైతే అక్టోబరు నుంచే. ఆ నెలలో మీ రెన్యువళ్ల రోజులు తగ్గించుకోవాల్సిందే, కౌంటర్ ఖాళీ ఉండదు.

ఇవన్నీ ఒక్క రిజిస్టరులో తేదీల వరుసన రాసుకుంటే మీ రోజు ఏమిటో ముందు రోజు సాయంత్రమే తెలుస్తుంది. నేను పొడుగాటి లెడ్జర్ పుస్తకంలో రాసేవాణ్ణి. మీరు ఎక్సెల్‌లో రాసుకోండి.

ఆర్‌వో_మూడో_అంతస్తు
రెన్యువళ్లకు ఊరికో రోజు పెట్టిన బ్రాంచిలు మా రీజియన్‌లో ఉన్నాయి. రైతు సేవా కేంద్రం వాళ్లకు ముందే జాబితా ఇస్తే 1బి, అడంగల్ (భూమి, పంట రికార్డులు) తెచ్చుకోమని వాళ్లే చెప్తారు. 2 లక్షలు దాటినవాటికి తనఖా, ఈసీ (ఆస్తి మీద వేరే అప్పులున్నాయో లేదో చూపే పత్రం), లీగల్ ఒపీనియన్ కావాలి కాబట్టి వాటిని విడిగా వేరే రోజు పెట్టుకోండి. 2 లక్షల లోపు వాటికి 2025 జనవరి నుంచి తనఖా అక్కర్లేదు కదా, అవి ఒకే వరసలో చకచకా తెమిలిపోతాయి. రెండూ కలిపి కూర్చుంటే పెద్ద ఫైలు ఒకటి చిన్నవాటన్నిటినీ ఆపేస్తుంది.

పత్తిరైతు
ఊరికో రోజు బాగానే ఉంది మేడమ్. కానీ తెలియక వేరే రోజు వచ్చినోణ్ణి తిప్పి పంపొద్దు. ఆటో ఛార్జీ పోద్ది, కూలీ పోద్ది. కనీసం కాగితాలన్నా చూసి పంపండి.

మిరపచేను
కొన్నాళ్ల తరువాత వచ్చి రాస్తున్నాను. అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్పడం న్యాయం కదా.

ఆర్‌వో మేడమ్ చెప్పిన పొద్దుటి లైను మా మేనేజర్ గారికి చూపిస్తే ముందు నవ్వారు. "చూద్దాం" అని పెట్టారు. మొదట్లో ఫోన్లు ఆగలేదు. ఇప్పుడు ఒంటిగంట ఫోన్ రావట్లేదు, మూడింటిది అప్పుడప్పుడూ వస్తోంది. నెలాఖరు వస్తే మళ్లీ మామూలే.

పది నుంచి పన్నెండు వరకు చిన్న రెన్యువళ్లు మాత్రమే. మా సబ్‌స్టాఫ్ బాబాయ్ తలుపు దగ్గరే ఫోన్ నంబర్ పనిచేస్తోందా, ఓటీపీ ఎవరికి వెళ్తుంది అని అడుగుతున్నారు. మానేరు గారూ, అన్నిటికంటే ఎక్కువ టైం మిగిల్చింది ఇదే. ఊరికో రోజు సగమే పనిచేస్తోంది. దగ్గరి ఊళ్లవాళ్లు వస్తున్నారు, దూరం ఊళ్లవాళ్లు బస్సు దొరికిన రోజు వస్తారు. పత్తిరైతు గారు చెప్పారు కాబట్టి ఎవర్నీ తిప్పి పంపట్లేదు, కాగితాలు చూసి ఏవి తక్కువో చీటీ రాసి ఇస్తున్నాను.

ఇన్సూరెన్స్ దగ్గర నేనూ మేనేజర్ గారూ ఒప్పందానికి రాలేదు. రెన్యువల్‌కి వచ్చిన వాళ్లను నేను అడగను అని చెప్పేశాను. ఆయన "సరే, నేనడుగుతా" అన్నారు. అడుగుతున్నారు కూడా. సంతకానికి ముడి మాత్రం పెట్టట్లేదు.

ఫీల్డు విజిట్లు మాత్రం ఇంకా కుదరడం లేదు. బ్రాంచి వదిలి వెళ్తే నా సీట్లో కూర్చునేవాళ్లు లేరు. ఆదివారం వెళ్లి గేదెలు చూసి రావడం నాకు ఇష్టం లేదు, ఇంట్లో చిన్న పిల్లాడున్నాడు. దీనికి ఎవరి దగ్గరైనా దారి ఉందా?

క్యాష్‌కేబిన్
మూడింటికి అప్రైజర్ వెళ్లిపోతాడుగా. వారంలో ఒక రోజు మూడున్నరకు మీరు బయల్దేరండి, ఆ పూట కౌంటర్ నాలుగు దాకా క్లర్కు, క్యాషియర్ చూసుకుంటారు. ఏ ఊళ్ల రెన్యువళ్లు ఆ వారం అయ్యాయో ఆ ఊరే వెళ్లండి, ఒక్క తిరుగుడులో అన్నీ అయిపోతాయి. ఎండాకాలం అయితే ఆరు దాకా వెలుతురు ఉంటుంది. మేనేజర్ ఒప్పుకోకపోతే ఆడిట్‌లో "విజిట్ రిపోర్టు లేదు" అని రాసిన పేరా చూపించండి, అది ఆయన పేరు మీదే పడుతుంది.

ఆర్‌వో_మూడో_అంతస్తు
ఇది పనిచేస్తుంది. పొద్దుటి లైనులోనే "మూడున్నర తరువాత అధికారి ఫీల్డులో" అని పెట్టించండి, ఆ సాయంత్రం ఇక్కడి నుంచి మీకు ఫోన్ రాకుండా నేను చూస్తాను. మీరు మా రీజియన్ అయితేనే సుమా 🙂

మానేరు
అక్కా, నీ తేదీల రిజిస్టర్ల ఏమేం గళ్లు పెట్టినవో జర చెప్పవా? మా మేనేజర్‌కు సూపెడ్త.

మిరపచేను
గడువు తేదీ, ఊరు, ఏం పని (రెన్యువల్ / కాగితాల వాపసు / బీమా / ఆడిట్ జవాబు), ఆలస్యమైతే ఎవరికి ఎంత నష్టం, ఏ కాగితం తక్కువ, ఓటీపీ ఎవరి ఫోన్‌కి. పేర్లు, ఖాతా నంబర్లు లేవు, ఫైలు నంబరు మాత్రమే. "ఎంత నష్టం" గడి నింపడానికి మొదట్లో బద్ధకమేసింది. ఇప్పుడు మేనేజర్ గారు అదే గడి చూసి ఫైళ్లు అడుగుతున్నారు. కేపీహెచ్‌బీ తమ్ముడి ఫార్ములాతో నెల ముందే వరస ఎర్రబడుతోంది. ఖాళీ షీటు సాయంత్రం ఇక్కడే పెడతాను.